దేవుని మాట విన్నందుకే నష్టపోతే ఆయన్ని ఇంకా ఎలా నమ్మాలి?

మీ ప్రశ్న చదివాక రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆఫీసులో అందరూ పంచుకునే మామూళ్ళలో మీ వాటా మీరు వద్దన్నారు. మూడు నెలలు తిరక్కుండానే దూరం ఊరికి బదిలీ చేశారు. పిల్లల చదువు ఎటూ కాకుండా ఉంది, ఇంట్లోవాళ్ళు మిమ్మల్నే అంటున్నారు. "దేవుని మాట విన్నందుకే నష్టపోతే ఆయన్ని ఇంకా ఎలా నమ్మాలి?" అని అడిగారు.

నేను పాస్టర్‌ని కాదు. గుంటూరు మిర్చి యార్డులో పద్దెనిమిదేళ్ళు గుమస్తాగా చేసినవాణ్ణి. నాకు జరిగింది చెబుతాను. అందులో మీకు పనికొచ్చేది ఉంటే తీసుకోండి.

2011 సీజన్ అది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డులో కాలు పెట్టే సందు ఉండదు. తెల్లవారకముందే లారీలు, ట్రాక్టర్లు బారులు తీరతాయి. ఘాటుకు తుమ్ములు, కళ్ళ మంటలు. కాటా దగ్గర నిలబడి ఒక్కో టిక్కీ, అంటే మిర్చి బస్తా, తూకం చిట్టాలో రాయడం, సాయంత్రం రైతుకు తక్‌పట్టీ, అంటే లెక్క చీటీ, రాసివ్వడం నా పని. ఎలాగూ ఉండే తరుగు కాక, టిక్కీకి ఇంకో కిలో తగ్గించి రాయమని మా ఓనరు చెప్పేవారు. ఒక్క కిలోనే కదా అనిపిస్తుంది. నలభై టిక్కీలు తెచ్చిన రైతుకు దాదాపు ఒక టిక్కీ గాలికి పోయినట్టే. నేను కూడా ఏళ్ళ తరబడి అలాగే రాశాను. ఇది దాచను.

ఒక రాత్రి కుటుంబ ప్రార్థనలో మా అమ్మాయి సామెతల గ్రంథం పదకొండో అధ్యాయం చదివింది. అప్పుడది తొమ్మిదో తరగతి. "దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము" అని చదివి ఆగి, "గుండు అంటే ఏంటి నాన్నా?" అని అడిగింది. తూకం రాయి అని చెప్పాను. "మీ యార్డులో కూడా ఉంటుందా?" అంది. ఇప్పుడన్నీ కరెంటు కాటాలేనమ్మా అన్నాను. అది నమ్మి తలూపింది. ఆ తలూపడం నన్ను పొడిచేసింది. ఆ రాత్రే మోకరించి, ఇకపై కాటా ఎంత చూపిస్తే అంతే రాస్తానని దేవునికి మాటిచ్చాను.

పది రోజుల్లో ఉద్యోగం పోయింది. సీజన్ మధ్యలో పోతే ఇంకో కొట్టులో చేరడం కష్టమేమీ కాదు, మంచి గుమస్తాలకు గిరాకీ ఉంటుంది. కానీ నా సంగతి అప్పటికే యార్డంతా తెలిసిపోయింది. వెళ్ళిన ప్రతి కొట్టులో టీ ఇప్పించారు, పని మాత్రం ఇవ్వలేదు. పద్నాలుగు నెలలు ఖాళీగా ఉన్నాను. అబ్బాయి ఇంటర్ ఫీజుకు నా భార్య గాజులు తాకట్టులోకి వెళ్ళాయి. ఆ తర్వాత గొలుసు. చివరికి మెడలో పసుపుతాడు మిగిలింది.

డబ్బు కంటే ఎక్కువ బాధపెట్టింది సంఘంలో విన్న మాటలు. ఒక పెద్దాయన, "ఎక్కడో దాచిన పాపం ఉండి ఉంటుంది, ఒప్పుకో" అన్నారు. ఇంకొకరు, "యోబుకు రెట్టింపు వచ్చింది కదా, మీకూ వస్తుంది, నలభై రోజులు ఉపవాసం పట్టండి" అన్నారు. ఇద్దరూ నా మేలు కోరే చెప్పారు. కానీ ఒకరి మాట వింటే నేను చేసింది తప్పేమో అనిపించింది. రెండో మాట వింటే నేను చేసింది వ్యాపారమేమో అనిపించింది, ఒక కిలో వదులుకుంటే రెండు కిలోలు రావాలన్నట్టు. మన సంఘాల్లో సాక్ష్యం చెప్పడానికి మైకు ఎవరికి దొరుకుతుందో గమనించండి. పోయిన ఉద్యోగం తిరిగొచ్చిన వాళ్ళకి దొరుకుతుంది. ఇంకా రాని వాళ్ళు వెనక చాప మీద కూర్చుని ఆమేన్ అంటారు. ఇది మార్చుకోవాలని నేను మనసారా కోరుకుంటాను.

ఆ రోజుల్లో నన్ను పట్టుకున్నది నిర్గమకాండం ఐదో అధ్యాయం. ఐగుప్తులో బానిసలుగా ఉన్న ఇశ్రాయేలీయులను విడిపించమని దేవుడు పంపితే, మోషే వెళ్ళనని ఎన్ని సాకులు చెప్పాలో అన్నీ చెప్పి, చివరికి దేవుని మాట విని ఫరో ముందు నిలబడ్డాడు. ఏం జరిగింది? ఫరో ఇశ్రాయేలీయులకు గడ్డి ఇవ్వడం ఆపేశాడు. గడ్డి మీరే ఏరుకోండి, ఇటుకల లెక్క మాత్రం ఒక్కటి కూడా తగ్గకూడదు అన్నాడు. లెక్క తగ్గినందుకు వాళ్ళ నాయకులు దెబ్బలు తిన్నారు. బయటికొచ్చి మోషేనే తిట్టారు. మోషే చేసింది తప్పు కాదు, దేవుడు పంపిన చోటికే వెళ్ళాడు. వెళ్ళినందుకే అందరి బతుకూ మునుపటికంటే ఘోరమైంది.

అప్పుడు మోషే యెహోవా దగ్గరికి తిరిగి వెళ్ళి, "నన్నేల పంపితివి?" అని అడిగాడు. నేను మాట్లాడిన దగ్గర్నుంచి ఈ జనానికి కీడే జరుగుతోంది, నువ్వు వాళ్ళను విడిపించనే లేదు అని ముఖం మీదే అనేశాడు. ఈ మాటలు ఎన్నోసార్లు చదివాను కానీ ఉద్యోగం పోయాకే అవి నా చెవిన పడ్డాయి. దేవుడు దానికి కోప్పడలేదు. అలాగని కారణం కూడా వివరించలేదు. నేను యెహోవాను, నా నిబంధన నాకు గుర్తుంది, మీ మూలుగు విన్నాను అని చెప్పి, మళ్ళీ ఫరో దగ్గరికే పంపాడు. ఫరో ఒప్పుకోడని మండుతున్న పొద దగ్గరే ముందుగా చెప్పి ఉన్నాడు కూడా. ముందే తెలిసినా మోషేకు నొప్పి తప్పలేదు.

అప్పటి నుంచి నా ప్రార్థన మారింది. అంతకుముందు "ప్రభువా, స్తోత్రం, నీ చిత్తం" అని పెదవులతో అనేవాణ్ణి, లోపల మాత్రం ఆయనతో మాట్లాడటం మానేశాను. మోషేను చూశాక డాబా మీదికి వెళ్ళి గట్టిగా అడగడం మొదలుపెట్టాను. తక్కువ రాసిన పదేళ్ళూ నన్ను బాగానే ఉంచావు, సరిగ్గా రాసిన పదిరోజులకే రోడ్డు మీద పడేశావు, ఎందుకు? అని ఏడ్చాను. ఒకసారి పక్కింటివాళ్ళు ఏదో అయిందని మెట్లెక్కి వచ్చారు కూడా. జవాబు రాలేదు. కానీ అలా అడిగినన్నాళ్ళూ నేను ఆయన ఎదుటే ఉన్నాను. మీరడిగిన నమ్మకం నాకు మొదట ఈ రూపంలోనే దొరికింది. ఆయన మీద ఫిర్యాదు ఉంటే ఆయన దగ్గరికే వెళ్ళడం.

ఇంకో సంగతి. నాకు ఒంగోలులో బావమరిది ఉన్నాడు. అప్పు అడుగుదామని రైలెక్కి వెళ్ళాను. లేదనేశాడు. తిరుగు రైలుకు టైముంది కదా అని ఊళ్ళో ప్రార్థన కొండ ఎక్కాను. మనలో చాలామందికి ఆ కథ తెలుసు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో తెలుగు దేశానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్ళు గడిచినా విశ్వాసులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. 1853లో అమెరికాలోని మిషన్ పెద్దలు ఈ మిషన్ మూసేద్దామా అని చర్చించారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున అదే మిషన్‌కు చెందిన లైమన్ జువెట్ దంపతులు, ఇంకో ముగ్గురు ఆ కొండెక్కి ఒంగోలు కోసం ప్రార్థించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ప్రసంగాల్లో కొండ మీద నుంచి నేరుగా ఏటి ఒడ్డుకు వెళ్ళిపోతారు. నేనూ అలాగే విన్నాను.

ఆ రోజు ఖాళీ జేబుతో ఆ రాళ్ళ మీద కూర్చున్నప్పుడు నాకు మధ్య సంవత్సరాలు గుర్తొచ్చాయి. కొండ దిగాక ఒంగోలుకు ఒక మిషనరీ వచ్చి ఉండటానికి పన్నెండేళ్ళు పట్టింది. జాన్ క్లౌ వచ్చింది 1866లో. ఈలోగా 1862లో మళ్ళీ మూసేద్దామన్నారు. అప్పటికి ఆరోగ్యం చెడి అమెరికాలో ఉన్న జువెట్, మీరు పంపకపోయినా నేనొక్కణ్ణే తిరిగి వెళ్తానన్నారు. 1876 నుంచి 78 దాకా ఘోరమైన కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని ఒప్పుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇప్పించారు, తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశారు. మొదటగా మాట విని వచ్చిన శామ్యూల్ డే మాత్రం ఇదేదీ చూడలేదు. 1853లోనే ఆరోగ్యం పాడై వెళ్ళిపోయారు, 1871లో కన్నుమూశారు. ఆయన కళ్ళతో చూస్తే ఆ పదిహేడేళ్ళూ వృథానే. ఏడు సంవత్సరాలు ఆగితే గుండ్లకమ్మ నిండిపోయేది, కానీ ఆయనకు ఆ ఏడు లేవు.

నాకూ చివర్లో 2,222 ఉంటుందని ఆ కొండ చెప్పలేదు. నా జీవితంలో నేను డే స్థానంలో ఉండొచ్చు. అయినా ఆయన వచ్చినందుకు తప్పు చేశాడని ఎవరం అనం. దిగి వచ్చేటప్పుడు నా మనసులో ఉన్నది అంతే. అప్పు దొరక్కపోయినా తేలికగా ఇంటికొచ్చాను.

తర్వాత ఏమైంది అంటారా? పద్నాలుగు నెలల తర్వాత ఒక కోల్డ్ స్టోరేజీలో పని దొరికింది, పాత జీతంలో సగానికి. ఇప్పటికీ అక్కడే. గాజులు విడిపించాం, గొలుసు వేలంలో పోయింది. నన్ను తీసేసిన కొట్టు బాగానే నడుస్తోంది. వాళ్ళకు ఏదైనా అవుతుందేమోనని మొదట్లో కొన్నాళ్ళు లోలోపల ఎదురుచూశాను. అది చాలా చెడ్డ రోగం, మీరు పెట్టుకోకండి.

ఒకటి మాత్రం నిజాయితీగా చెప్పాలి. నాకొచ్చిన కష్టం మొత్తం విధేయత వల్ల వచ్చింది కాదు. ఓనరుతో విడిగా మాట్లాడాల్సింది. నేను కాటా దగ్గర హమాలీలు, రైతులు చూస్తుండగా "ఇంక నేను దొంగ రాతలు రాయను" అని అరిచాను. నా రాతలే అవి, పదేళ్ళు నేనే రాశాను. నలుగురిలో ఆయన పరువు తీశాను. తూకం సరిగ్గా రాయమన్నది దేవుడు, అలా అరవమన్నది నా గర్వం. ఏడాది తర్వాత వెళ్ళి ఆ అరుపుకు క్షమాపణ అడిగాను, తూకం విషయంలో మాత్రం అడగలేదు. మీరు కూడా ఒక్కసారి ఈ రెండూ విడదీసి చూసుకోండి. మీరు చెప్పిన తీరులో తప్పేమీ లేకపోతే వదిలేయండి, లేనిపోని నేరం తల మీద వేసుకోవద్దు.

ఇప్పుడు మీకు పనికొచ్చే మాట. ముందు తినండి, నిద్రపోండి. కర్మెలు కొండ మీద ప్రార్థించి ఆకాశం నుంచి అగ్ని దిగడం చూసిన ఏలీయా ప్రవక్త, కొద్ది రోజులకే చావు కోరుకుంటూ చెట్టు కింద పడుకున్నాడు. దేవుడు అతనికి మొదట బోధ చేయలేదు. రొట్టె, నీళ్ళు ఇచ్చి, మళ్ళీ పడుకోనిచ్చి, మళ్ళీ తినమన్నాడు. మాటలు ఆ తర్వాత, హోరేబు కొండ దగ్గర. నా భార్య కూడా అప్పుడు నాకేమీ బోధించలేదు. "ఏమండీ, ముందు అన్నం తినండి, దేవుడి మీద కోపం అన్నం మీద చూపించొద్దు" అంది. మీరు ఈ పరిస్థితిలో బదిలీ మీద పెద్ద నిర్ణయాలు తీసుకోకండి. పిల్లలను విద్యా సంవత్సరం అయ్యేదాకా కదిలించకుండా ఉండగలరేమో చూడండి. కొత్త ఆఫీసులో కూడా వాటా మాట వస్తుంది, ఈసారి తీసుకుంటే పాతచోటికి పంపిస్తామనీ అనొచ్చు. అక్కడ మీరు చేయాల్సింది మొదటిసారి చేసిందే. ఆ రోజు రాత్రి ఆయనతో ఎంత గొడవైనా పడండి.

చివరగా, మీ పిల్లలకు విషయం చెప్పారా? నేను ఏడాది దాకా దాచాను, కొట్టు మూతపడిందని అబద్ధం చెప్పాను. నిజం తెలిసిన రోజు మా అమ్మాయి గదిలోకి వెళ్ళి చాలాసేపు ఏడ్చింది. తర్వాత వచ్చి, "నేను ఆ వాక్యం చదివినందుకేనా నాన్నా?" అని అడిగింది. అవునమ్మా, నువ్వు చదివినందుకే అన్నాను. బైబిలు దాని చేతికిచ్చి ఆ అధ్యాయం మళ్ళీ చదవమన్నాను. గొంతు వణుకుతూనే మొదటి వచనం నుంచి మొదలుపెట్టింది.