హాట్‌డాగ్‌లో ఏ మాంసం ఉంటుంది? ఆ పేరు ఎలా వచ్చింది?

హాట్‌డాగ్ అంటే పొడవాటి బన్‌లో పెట్టి ఇచ్చే సాసేజ్, అంటే గొట్టంలా చేసిన మాంసపు ముద్ద. అమెరికాకు కొత్తగా వచ్చిన మనవాళ్లు దాని గురించి ముందుగా అడిగేది అందులో కుక్క మాంసం ఉంటుందా అని. ఉండదు. అయితే ఆ మాటతో నిశ్చింత పడి కొనుక్కు తినేయకండి. మనలో చాలామంది ముట్టని గొడ్డు మాంసం, పంది మాంసమే ఇక్కడి హాట్‌డాగ్‌లలో ఎక్కువగా ఉంటాయి, కాబట్టి అడగవలసిన ప్రశ్న అందులో ఏ మాంసం ఉందన్నది.

ముందు పేరు సంగతి. పందొమ్మిదో శతాబ్దంలో వలస వచ్చిన జర్మన్లు తమ సాసేజ్‌లను కూడా ఇక్కడికి తెచ్చారు. ఫ్రాంక్‌ఫర్ట్ పేరు మీద ఫ్రాంక్‌ఫర్టర్, వియన్నా పేరు మీద వీనర్ అనే మాటలు పుట్టాయి. ప్యాకెట్ మీద ఫ్రాంక్స్ అని ఉన్నా, వీనర్స్ అని ఉన్నా అవి హాట్‌డాగ్‌లే. చౌక సాసేజ్‌లలో కుక్క మాంసం కలుపుతారేమోనన్న అనుమానం ఆనాటి అమెరికన్లకూ ఉండేది కనుక, సాసేజ్‌ను ‘డాగ్’ అని వేళాకోళంగా పిలిచేవారు. 1895 నాటికే యేల్ విశ్వవిద్యాలయ విద్యార్థుల పత్రికలో ‘హాట్ డాగ్స్’ అన్న మాట అచ్చయింది. బేస్‌బాల్ మైదానంలో సాసేజ్‌లు అమ్మడాన్ని కార్టూన్‌గా గీసిన డోర్గన్ అనే కార్టూనిస్టు, సాసేజ్‌లా పొడుగ్గా ఉండే డాక్స్‌హుండ్ అనే కుక్కజాతి పేరు రాయడం రాక ఈ పేరు పెట్టాడన్న కథ మీకు ఎవరో ఒకరు చెబుతారు. దాన్ని నమ్మనక్కరలేదు, ఎందుకంటే ఆ కార్టూన్ ఇంతవరకు దొరకలేదు, పైగా ఆ కథలో చెప్పే కాలానికి ముందే ఈ మాట వాడుకలో ఉంది.

ఇక తయారీ. మాంసం కోసేటప్పుడు మిగిలే చిన్న ముక్కలను, కొవ్వును, మంచుముక్కలను, ఉప్పును, మసాలాలను కలిపి గారెల పిండి కన్నా మెత్తగా రుబ్బుతారు. ఆ ముద్దను సెల్యులోజ్ (మొక్కల పీచు) గొట్టాలలో నింపి, పొగబెట్టి, ఉడికించి, చల్లారాక తొడుగు ఒలిచేస్తారు. ఆ గులాబీ రంగు మాంసం చెడకుండా కలిపే సోడియం నైట్రైట్ వల్ల వస్తుంది. ప్రభుత్వ నిబంధన ప్రకారం కొవ్వు 30 శాతం మించకూడదు. చౌక రకాలలో ‘మెకానికల్లీ సెపరేటెడ్ చికెన్’ అని కనిపిస్తుంది. ఎముకలకు అంటుకుని మిగిలిన మాంసాన్ని యంత్రాలతో ఒత్తి తీసిన ముద్ద అది.

ప్యాకెట్ ముందువైపు రాసిన పేరుతో సరిపెట్టుకోకుండా, వెనుక ఉన్న పదార్థాల జాబితాను చివరి దాకా చదవండి. ‘బీఫ్ ఫ్రాంక్స్’ అంటే గొడ్డు మాంసం తప్ప మరో మాంసం ఉండదు. ఆ పేరు లేనంత మాత్రాన గొడ్డు మాంసం లేదని కాదు, పంది, కోడి, టర్కీ మాంసాలతో పాటు అదీ కలిసి ఉండవచ్చు. లోపలిది చికెనే అయినా, తొడుగు ఒలవని రకాలలో ఆ పైతొడుగు పంది పేగుతోనో, గొడ్డు చర్మం నుంచి తీసిన కొల్లాజెన్ అనే ప్రోటీన్‌తోనో చేసినది కావచ్చు. అలా తొడుగు వేరే జంతువుదైతే ఆ సంగతి లేబుల్ మీద రాయాలి, అందుకే చివరి దాకా చదవమంటున్నాను. కోషర్ ముద్ర (యూదుల ఆహార నియమాలకు తగినదని చెప్పే గుర్తు) ఉంటే పంది మాంసం లేదని అర్థమే తప్ప గొడ్డు మాంసం లేదని కాదు. నిజానికి కోషర్ హాట్‌డాగ్‌లు ఎక్కువగా గొడ్డు మాంసంతోనే చేస్తారు. కార్న్ డాగ్ పేరులో మొక్కజొన్న ఉందని శాకాహారులు పొరబడవద్దు, అది మొక్కజొన్న పిండిలో ముంచి వేయించిన హాట్‌డాగ్. వెజ్జీ డాగ్‌లో మాంసం ఉండదు గానీ కొన్ని రకాలలో గుడ్డు తెల్లసొన ఉంటుంది, బండి దగ్గర మాంసంతో పాటు ఒకే పెనం మీద కాలుస్తారు కూడా. పిల్లలు బడిలో భోజనం చేస్తుంటే, నెలవారీ మెనూ చూసి, అది ఏ మాంసమో కెఫెటీరియా వారిని ముందే అడగండి. అలా అడగడాన్ని ఇక్కడ ఎవరూ తప్పుగా అనుకోరు.

హాట్‌డాగ్ వంటి ప్రాసెస్ చేసిన మాంసం పెద్దపేగు క్యాన్సర్‌కు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లో తేల్చింది, కనుక మాంసాహారులు కూడా దీన్ని రోజువారీ తిండిగా చేసుకోకపోవడం మంచిది. గర్భిణులు లిస్టీరియా అనే బాక్టీరియా భయం వల్ల, ప్యాకెట్‌లోది ఉడికినదే అయినా, పొగలు కక్కేలా మళ్లీ వేడి చేసుకునే తినాలి. నాలుగేళ్ల లోపు పిల్లలకు గుండ్రటి ముక్కలుగా కోసి ఎన్నడూ పెట్టకండి. ఆ ముక్క సరిగ్గా గొంతుకు అడ్డుపడే ఆకారంలో ఉండి ఊపిరి ఆపేస్తుంది. ముందు నిలువుగా నాలుగు చీలికలు చేసి, ఆ తరువాతే వాటిని చిన్న ముక్కలుగా కోయాలి.