పిడుదుల కాలర్ కట్టాక కుక్కకు ఏదైనా తేడా చేస్తే…

ప్రశ్న: మా రెండేళ్ల ల్యాబ్రడార్‌కి పిడుదుల కాలర్ కట్టి ఐదు రోజులైంది. మెడ కింద ఎర్రగా కంది, వెంట్రుక ఊడుతోంది. అదేపనిగా గోక్కుంటోంది. కొత్తలో అలాగే ఉంటుంది, అలవాటవుతుందని షాపులో అంటున్నారు. ఉంచాలా, తీసేయాలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఈరోజే తీసేయండి. కొద్దిపాటి దురద ఒకటి రెండు వారాల్లో దానంతటదే తగ్గే మాట నిజమే. కానీ చర్మం కంది వెంట్రుక ఊడేదాకా వచ్చాక ఆగకూడదు.

చేతికి గ్లోవ్స్ వేసుకుని కాలర్ తీసి, జిప్ కవర్లో పెట్టండి. మెడను గోరువెచ్చని నీళ్లతో, కుక్కల కోసం తయారైన సాదా షాంపూతో రెండుసార్లు కడిగి, నురగ మిగలకుండా చూసి, పూర్తిగా ఆరబెట్టండి. వేడి నీళ్లు వద్దు. కొబ్బరినూనె కూడా వద్దు. కాలర్‌లోని మందులు చర్మం మీది జిడ్డులో కలిసి పాకే రకం, కాబట్టి నూనె మేలు చేయదు. మనుషులకు వాడే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్లూ రాయకండి, నాకితే కడుపులోకి పోతాయి. గోళ్లతో రక్కుకోకుండా మెడ దగ్గర ఓ కన్నేసి ఉంచండి. రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, తడిగా చీము కారినా డాక్టరుకు చూపించండి.

కారణం మందేనా, ఒరుసుకోవడమా అన్నది కందిన తీరును బట్టి కొంత అంచనా వేయొచ్చు. బకిల్ దగ్గర మాత్రమే కందితే కాలర్ బిగువై ఒరుసుకుని ఉంటుంది. మెడ చుట్టూ పట్టీలా కంది గొంతు దాకా పాకితే మందు పడలేదనే అనుమానించాలి. ల్యాబ్రడార్లకు నీళ్లంటే ఇష్టం, పైగా దట్టమైన వెంట్రుక. తడి ఆరకుండా కాలర్ కింద నిలిచిందంటే చర్మం చిట్లి పుండు పడుతుంది. కాలర్‌కూ మెడకూ మధ్య రెండు వేళ్లు సులువుగా దూరాలి. వేలాడే కొసను రెండు సెంటీమీటర్లు ఉంచి కత్తిరించాలి. ఎదిగే కుక్కపిల్లలకు బిగువును వారం వారం సరిచూడాలి.

చర్మం పూర్తిగా మానేదాకా పిడుదుల కోసం ఇంకే మందూ పైపూతగా రాయొద్దు. తర్వాత ఫ్లూరలానర్ లేదా ఆఫోక్సోలానర్ మాత్రల గురించి డాక్టరును అడగండి. కుక్కకు ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి.

ప్రశ్న: మా ఐదు నెలల కుక్కపిల్ల కాలర్ ముక్కను కొరికి మింగింది. ఉప్పునీళ్లు పట్టి కక్కించవచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వద్దే వద్దు. ఉప్పు ఎక్కువైతే అదే విషమవుతుంది. వెంటనే డాక్టరు దగ్గరికి బయల్దేరండి, కాలర్ డబ్బా వెంట తీసుకెళ్లండి. డబ్బా ఎందుకంటే, కాలర్‌లోని మందును బట్టి విరుగుడు మారిపోతుంది.

ప్రోపాక్సర్ అనే మందు ఉన్న కాలరైతే చొంగ, వాంతి, విరేచనాలు, చిన్నబడిన కంటిపాపలు, వణుకు కనిపిస్తాయి. దానికి అట్రోపిన్ పనిచేస్తుంది. అమిట్రాజ్ ఉన్నదైతే కుక్క మత్తుగా డీలా పడిపోతుంది, గుండె నెమ్మదిస్తుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది. దానికి అటిపమెజోల్ లేదా యోహింబిన్ కావాలి. అక్కడ అట్రోపిన్ ఇస్తే ఉన్నది మరింత చెడొచ్చు. ఫ్లూమెత్రిన్, డెల్టామెత్రిన్ జాతివైతే వణుకు, కండరాల అదురు ముఖ్యం. అందుకే డబ్బా మీది చిన్న అక్షరాలు డాక్టరుకు ఎంతో పనికొస్తాయి. ముక్క కడుపులో ఉన్నంతసేపూ మందు విడుదలవుతూనే ఉంటుంది కాబట్టి, లక్షణాలు లేకపోయినా ఆలస్యం చేయకండి. దాన్ని బయటికి తీయాల్సి రావచ్చు.

ప్రశ్న: ఇక్కడ సెరెస్టో అనే పిడుదుల కాలర్‌తో కుక్కలు చనిపోయాయని 2021లో వార్తలొచ్చాయి. మాదానికి అదే కట్టాం. తీసేయమంటారా?
– ఒక పాఠకురాలు, టెక్సాస్

జవాబు: అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఆ ఫిర్యాదులను పరిశీలించి, 2023 జులైలో షరతులతో అమ్మకం కొనసాగనిచ్చింది. చాలా మరణాలకు కాలరే కారణమని తేల్చే సమాచారం ఆ ఫిర్యాదుల్లో లేదు. కాలరే కారణమని తేలిన కొద్దిపాటి కేసుల్లో మందు కన్నా, లాగినప్పుడు బకిల్ విడిపోక మెడ బిగుసుకోవడం కనిపించింది. మీ కుక్క చురుగ్గా ఉండి, చర్మం మామూలుగా ఉంటే తీయక్కర్లేదు. అయితే ఆ కాలర్‌కు తాడు కట్టి నడిపించకండి, గొలుసుకు వేరే బెల్టు వాడండి. నకిలీలు తిరుగుతున్నాయి కాబట్టి తర్వాతిది క్లినిక్‌లోనే కొనండి.