స్టెంట్ వేశాక కీచురాళ్ల పొడి తినవచ్చా?

మీ ప్రశ్న ఇది: నాన్నగారికి గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు, పురుగుల ప్రొటీన్ గుండెకు మంచిదని పరిశోధనల్లో తేలిందట, కీచురాళ్ల పొడి మొదలుపెట్టవచ్చా అని. రొయ్యలు పడని మనిషి కాకపోతే, మందులు మానకుండా, తిండిగా తినవచ్చు. మందుగా మాత్రం దానికి ఏ విలువా లేదు.

ఆ "తేలింది" ఎక్కడ తేలిందో చూడండి. పురుగుల పొడిలోంచి హెక్సేన్ అనే ద్రావకంతో కొవ్వు తీసేస్తారు. మిగిలినదాన్ని నీళ్లలో కలిపి, ఆల్కలేజ్ లాంటి ఎంజైమ్ వేసి, 50–55 డిగ్రీల వేడిలో, పీహెచ్ 8 దగ్గర కొన్ని గంటలు ఉంచుతారు. ప్రొటీన్ తెగి పెప్టైడ్లనే చిన్న ముక్కలవుతుంది. 90 డిగ్రీలు దాటించి ఎంజైమ్ పని ఆపేసి, సెంట్రిఫ్యూజ్ తిప్పి, సన్నటి ఫిల్టర్‌లో వడకడతారు. ఆ ద్రవాన్ని ఏసీఈ అనే, రక్తపోటు పెంచడంలో పాత్ర ఉన్న ఎంజైమ్‌కు కలిపి, ఆ ఎంజైమ్ పనిచేస్తే పుట్టే హిప్పురిక్ ఆమ్లం ఎంత తక్కువ పుట్టిందో 228 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. తక్కువ పుడితే రక్తపోటు తగ్గించే గుణం ఉండవచ్చని రాస్తారు. పేపర్లో అంతవరకే ఉంటుంది. వార్తల్లోకి వచ్చేసరికి అది గుండెపోటుకు విరుగుడైపోతుంది! శీర్షికలు పెట్టేవాళ్లు పరీక్షనాళికకీ మనిషికీ తేడా ఎప్పుడు నేర్చుకుంటారో.

ఏసీఈని అడ్డుకునే రక్తపోటు మందు క్యాప్టోప్రిల్ నానోమోలార్ మోతాదులో పనిచేస్తుంది. ఈ పెప్టైడ్లు మామూలుగా మైక్రోమోలార్ లెక్కలో, అంటే వెయ్యి రెట్ల స్థాయిలో ఎక్కువ కావాలి. పైగా నోట్లో వేసుకుంటే పెప్సిన్, ట్రిప్సిన్, పేగు గోడ మీది ఎంజైమ్‌లు వరసగా తుంచుతాయి. రెండు మూడు అమైనో ఆమ్లాల ముక్కలే ఎక్కువగా లోపలికి వెళ్తాయి, రక్తంలో నిమిషాల్లో అవీ కరిగిపోతాయి. క్యాప్టోప్రిల్ కథ కూడా బ్రెజిల్ పాము విషంలోని పెప్టైడ్లతోనే మొదలైంది. అవి నోటి ద్వారా పనిచేయవు కాబట్టే చిన్న అణువును తయారుచేయాల్సి వచ్చింది.

మనుషుల మీద జరిగిన వాటిలో ఎక్కువగా చెప్పుకునేది 2018 నాటి అధ్యయనం. 20 మంది ఆరోగ్యవంతులు, రోజుకు 25 గ్రాముల కీచురాళ్ల పొడి, 14 రోజులు. పేగులో ఒక మంచి బ్యాక్టీరియా పెరిగింది, వాపుకు సంబంధించిన ఒక సూచిక తగ్గింది. అందులో గుండె రోగులు లేరు.

ఇక గుండెపోటు మందుల మీద జరిగిన ఐసిస్-2 అనే పెద్ద అధ్యయనం చూడండి. 1988, 17,187 మంది రోగులు. గుండెపోటు అనుమానం రాగానే 162.5 మిల్లీగ్రాముల యాస్పిరిన్ మొదలుపెట్టి నెల రోజులు ఇస్తే, ఐదు వారాల్లో గుండె, రక్తనాళాల మరణాలు 23 శాతం తగ్గాయి. గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్ కూడా కలిపితే 42 శాతం. ఇలాంటి అంకె ఒక్కటి తెచ్చాక పురుగుల గురించి మాట్లాడదాం.

మళ్లీ ఛాతీ పట్టేసినట్టు ఉండి, చెమటలు పడితే గ్యాస్ అనుకుని యాంటాసిడ్ తాగిస్తూ కూర్చోకండి. వెంటనే అంబులెన్స్ పిలవండి. యాస్పిరిన్ పడకపోవడం, రక్తస్రావం లేకపోతే 300 మిల్లీగ్రాములు నమిలి మింగించాలి. పైపూత ఉన్న బిళ్లను అలాగే మింగితే ఆలస్యంగా కరుగుతుంది. ఆసుపత్రిలో అడుగుపెట్టిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి. మొదటిది మామూలుగా వచ్చి నొప్పి పోకపోతే 15–30 నిమిషాల్లో మళ్లీ తీయమని అడగండి. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ కూడా మొదట్లో మామూలుగానే ఉండవచ్చు, రెండోసారి చూడకుండా ఇంటికి రాకండి.

పొడి సంగతికి వస్తే, రొయ్యలు పడకుండా చేసే ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ లాంటిదే పురుగుల్లోనూ ఉంటుంది, వండినా పూర్తిగా పోదు. ఇంటి దుమ్ములోని సూక్ష్మ పురుగులు పడనివాళ్లూ జాగ్రత్తగా ఉండాలి. కిడ్నీ సమస్య, గౌట్ ఉంటే ముందు డాక్టర్‌ను అడగండి. డబ్బా మీద 70 శాతం ప్రొటీన్ అని ఉంటే అదీ నమ్మకండి. నైట్రోజన్‌ను 6.25తో గుణించి ఆ అంకె వేస్తారు, కానీ కొంత నైట్రోజన్ ప్రొటీన్‌ది కాదు, పురుగు పెంకులోని కైటిన్‌ది. పురుగులకు సూచించిన 4.76తో గుణిస్తే 53 శాతమే వస్తుంది. వీటన్నిటికన్నా ముఖ్యం, యాస్పిరిన్‌తో పాటు ఇచ్చిన రెండో రక్తం పలచబరిచే బిళ్ల. మామూలుగా ఏడాది వాడమంటారు. పొడి తింటున్నాం కదా అని సొంతంగా ఆపితే స్టెంట్‌లోనే గడ్డ కట్టే ప్రమాదం ఉంది.