ఎనిమిది గ్రామీలా, ఏడా?

ప్రశ్న: మేడమ్ గారికి వందనాలు. సికింద్రాబాద్‌లోని మా చర్చి సంఘం గాయక బృందానికి ఈ డిసెంబరుతో యాభై ఏళ్లు నిండుతున్నాయి. సావనీరు వేస్తున్నాం. మేం పాడే పాటలు కట్టినవారి గురించి తలా ఒక పేజీ ఉండాలని అయ్యగారు అన్నారు. అమెరికన్ గాస్పెల్ (క్రైస్తవ భక్తి సంగీతం) గాయకుడు, రికార్డు నిర్మాత ఆండ్రే క్రౌచ్ పేజీ నా వంతుకు వచ్చింది. చదివినకొద్దీ అయోమయంగా ఉంది. ఆయన పుట్టింది శాన్‌ఫ్రాన్సిస్కోలో అని ఒకచోట, లాస్ ఏంజెలెస్‌లో అని ఇంకోచోట ఉంది. సంగీతానికి అమెరికాలో ఇచ్చే గ్రామీ అవార్డులు ఏడని కొందరు, ఎనిమిదని కొందరు రాశారు. ఆస్కార్ గెలిచారనీ, మైకేల్ జాక్సన్ ‘మ్యాన్ ఇన్ ద మిర్రర్’కు నిర్మాత ఆయనేననీ చదివాను. ‘మై ట్రిబ్యూట్’ పాట నూట యాభై ఏళ్ల నాటిదని మా బృందంలో ఒకరు వాదిస్తున్నారు. పుట్టినరోజు మాత్రం అందరూ 1942 జూలై 1 అనే అంటున్నారు. అయితే మా నాన్నగారు ‘అది బడిలో పంతులుగారు వేసిన తేదీలా ఉందే’ అన్నారు. అచ్చుకు వెళ్లేలోపు ఏది నమ్మాలో చెప్పగలరా? — ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: మీ నాన్నగారి అనుమానం నాకు చాలా నచ్చింది. అక్కడి నుంచే మొదలుపెడతాను. మన పెద్దల సర్టిఫికెట్లు తిరగేస్తే సగానికి సగం పుట్టినరోజులు జూన్‌లోనో జూలైలోనో ఉంటాయి. పిల్లవాణ్ణి బడిలో వేసిన రోజున పంతులుగారు వయసు అంచనా కట్టి ఒక తేదీ రాసేవారు. కాబట్టి జూలై 1 కనిపించగానే అనుమానం రావాల్సిందే. అయితే క్రౌచ్ విషయంలో ఆ తేదీకి తోడుగా ఇంకొకరు ఉన్నారు. ఆయన కవల సోదరి శాండ్రా క్రౌచ్. ఆమె కూడా పేరున్న గాయని, అన్నకు తోడుగా సంఘ సేవ చేసిన మనిషి. ఆమె జీవిత విశేషాల్లోనూ అదే తేదీ, అదే ఏడాది ఉన్నాయి. పైగా కాలిఫోర్నియాలో 1905 నుంచి 1995 వరకు నమోదైన జననాలకు ఒక సూచిక ఉంది. ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల సైట్లో ఉచితంగా ఖాతా తెరిచి దాన్ని చూడవచ్చు. ఒక్కో పేరు ఎదుట పుట్టిన తేదీ, కౌంటీ, తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉంటాయి. మన లెక్కలో కౌంటీ అంటే జిల్లా అనుకోండి. శాన్‌ఫ్రాన్సిస్కో తనంతట తానే ఒక కౌంటీ, లాస్ ఏంజెలెస్ వేరే కౌంటీ. అంటే పుట్టిన ఊరి తగాదా, తేదీ అనుమానం రెండూ ఆ ఒక్క వరుసలోనే తేలిపోతాయి. తల్లి ఇంటిపేరు కూడా సరిచూస్తే, అదే పేరున్న మరొకరితో పొరబడే భయం ఉండదు. అది చూసేంత వరకు మీ పేజీలో ‘కాలిఫోర్నియా రాష్ట్రంలో పుట్టారు’ అని రాయండి. రెండు కథనాలూ ఒప్పుకునే మాట అది.

మరణ తేదీ 2015 జనవరి 8, లాస్ ఏంజెలెస్‌లో. వయసు 72. మన దేశపు పాత వార్తల్లో ఎక్కడైనా జనవరి 9 అని కనిపిస్తే కంగారు పడకండి. చలికాలంలో వారికీ మనకూ పదమూడున్నర గంటల తేడా ఉంటుంది. అక్కడ మధ్యాహ్నమైతే ఇక్కడ మర్నాడు తెల్లవారుజాము.

ఇక గ్రామీలు. సావనీర్లలో ఎక్కువ పొరపాట్లు దొర్లేది అవార్డుల దగ్గరే కాబట్టి ఇక్కడ కాస్త నిలబడి చూద్దాం. ఎన్ని అని అడిగితే ఎవరికి తోచిన అంకె వారు చెబుతారు. వేటికి, ఏ ఏడాది అని అడిగితేనే లెక్క తేలుతుంది. ‘టేక్ మీ బ్యాక్’కు 1976 వేడుకలో, ‘లైవ్ ఇన్ లండన్’కు 1979లో, ‘ఐల్ బి థింకింగ్ ఆఫ్ యూ’కు 1980లో వచ్చాయి. ‘ద లార్డ్స్ ప్రేయర్’కు 1981లో, ‘డోంట్ గివ్ అప్’కు 1982లో, ‘ఆల్వేస్ రిమెంబర్’కు 1985లో, ‘మెర్సీ’కి 1995లో వచ్చాయి. మొత్తం ఏడు. వీటిలో ‘ద లార్డ్స్ ప్రేయర్’ పలువురు గాయకులు కలిసి చేసిన ఆల్బమ్, అవార్డు కూడా ఉమ్మడిదే. దాన్ని లెక్కలోకి తీసుకోనివారికి ఆరే కనిపిస్తాయి.

మరి ఎనిమిదోది ఎలా చేరుతుంది? రెండు దారులున్నాయి. క్రౌచ్ పాటలను ఇతర కళాకారులు పాడి, ఆయనకు నివాళిగా తెచ్చిన ఆల్బమ్ ఒకటి 1997లో గ్రామీ గెలిచింది. అట్ట మీద ఆయన పేరు పెద్దగా ఉన్నా, అవార్డు మాత్రం ఆ ఆల్బమ్ నిర్మాతలది. రెండోది, 1984లో శాండ్రా ‘వి సింగ్ ప్రెయిసెస్’ ఆల్బమ్‌కు సొంతంగా గ్రామీ అందుకున్నారు. పైపైన జాబితా చూసి ‘క్రౌచ్’ పేరున్నవన్నీ కూడేస్తే చెల్లెలి అవార్డు అన్న ఖాతాలో పడిపోతుంది. నన్ను బాధపెట్టేది ఇదే. అన్నను గొప్పవాణ్ణి చెయ్యబోయి చెల్లెలి కష్టాన్ని చెరిపేస్తున్నాం. ఏడు గ్రామీలంటే తక్కువేమీ కాదు. మీ పేజీలో ఏడు అనే రాయండి, పక్కనే శాండ్రాకు వచ్చినదాన్నీ ఆమె పేరుతో రాయండి.

ఇంకో చిక్కు ఏమిటంటే, ఆల్బమ్ వచ్చిన ఏడాదీ అవార్డు వేడుక జరిగిన ఏడాదీ ఒకటి కావు. ‘టేక్ మీ బ్యాక్’ 1975లో వచ్చింది. కొన్ని జాబితాలు ఆ ఏడాదినే వేస్తాయి, కొన్ని వేడుక ఏడాదిని వేస్తాయి. రెండు జాబితాలు కలిపి రాసినవారు ఒకే అవార్డును రెండుసార్లు లెక్కపెట్టే ప్రమాదం ఉంది. పేజీ అంతటా ఒకే పద్ధతి పాటించండి. గ్రామీలిచ్చే రికార్డింగ్ అకాడమీ సైట్లో కళాకారుడి పేరు కొడితే అన్నీ వస్తాయి, మీ చివరి చూపు అక్కడ ఉండాలి.

ఆస్కార్ మాట పూర్తిగా తప్పు. ‘ద కలర్ పర్పుల్’ సినిమా సంగీతానికి 1986లో నామినేషన్ వచ్చిన మాట నిజం. క్విన్సీ జోన్స్ సహా పన్నెండు మంది పేర్లతో వచ్చిన ఆ నామినేషన్‌లో క్రౌచ్ ఒకరు. అవార్డు ‘ఔట్ ఆఫ్ ఆఫ్రికా’కు సంగీతం చేసిన జాన్ బ్యారీకి వెళ్లింది.

‘మ్యాన్ ఇన్ ద మిర్రర్’ విషయం ఇంకా ముఖ్యం, ఎందుకంటే నిర్మాత అన్న మాట దగ్గరే మనవాళ్లు తడబడతారు. రికార్డు నిర్మాత సినిమా నిర్మాతలా డబ్బు పెట్టే మనిషి కాదు. ఏ పాట, ఏ వాద్యం ఉండాలి, పలుసార్లు పాడించి రికార్డు చేసినవాటిలో ఏది ఉంచాలి అని స్టూడియోలో కూర్చుని తేల్చే మనిషి. 1987 నాటి ‘బ్యాడ్’ ఆల్బమ్‌లోని ఈ పాటను రాసింది సీడా గ్యారెట్, గ్లెన్ బాలార్డ్. నిర్మాత క్విన్సీ జోన్స్, సహ నిర్మాత మైకేల్ జాక్సన్. చివర్లో ఒళ్లు జలదరించేలా ఎత్తుకునే బృందగానం ఆండ్రే క్రౌచ్ క్వయర్‌ది. మడోనా ‘లైక్ ఎ ప్రేయర్’లో వినిపించే బృందం కూడా వారిదే, దానికీ నిర్మాత ఆయన కాదు. గాయక బృందం సావనీరులో రాస్తున్నారు కదా, ‘ఆ బృందగానం వారిది’ అన్న నిజం కంటే మీకు గొప్ప వాక్యం ఇంకేం కావాలి?

మరి ఆయన నిర్మాతగా చేసినవి ఎలా తెలుసుకోవాలి? నేను చాలా ఏళ్లు రేడియోలో రికార్డుల లైబ్రరీ చూశాను. అట్ట ముందు వైపు బొమ్మ కోసం, వెనక వైపు మనకోసం అని కొత్తగా చేరిన పిల్లలకు చెప్పేదాన్ని. రికార్డు నడిమి లేబుల్ మీద, పాట పేరు కింద బ్రాకెట్లలో ఉండేది పాట కట్టినవారి పేరు. అట్ట వెనక అడుగున, చిన్న అక్షరాల్లో, ఒక్కోసారి భూతద్దం కావాల్సినంత సన్నగా నిర్మాత, స్టూడియో, రికార్డింగ్ ఇంజనీరు, వాద్యకారుల పేర్లు ఉంటాయి. డిస్కాగ్స్ అనే సైట్లో పాత రికార్డుల అట్టల ఫోటోలు రెండు వైపులవీ దొరుకుతాయి. ఎవరో టైపు చేసి పెట్టిన వివరాలు కాకుండా ఫోటో తెరిచి, పెద్దది చేసి, మీ కళ్లతో చదవండి. క్రౌచ్ ఆల్బమ్‌ల అట్టల మీద డ్రమ్మర్ బిల్ మాక్స్‌వెల్ పేరు నిర్మాతల వరుసలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఆ పేరును వదిలేయకండి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య అప్పుడప్పుడు పాత రికార్డులు కూడా కనిపిస్తాయి. అదృష్టం బాగుంటే అసలు అట్టే చేతికి రావచ్చు.

‘మై ట్రిబ్యూట్’ గురించి మీ బృందంలోవారు అన్నదానికి కారణం ఉంది. ఆ పాటలో ‘టు గాడ్ బి ద గ్లోరీ’ అన్న మాటలు పల్లవిలో వస్తాయి. అవే మాటలతో మొదలయ్యే వేరే కీర్తన ఉంది, అది ఫ్యానీ క్రాస్బీ రాసి, విలియం డోన్ స్వరపరచి, 1875లో అచ్చయింది. క్రౌచ్ పాట కాపీరైట్ 1971 నాటిది. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తనతో పాటు రచయిత పేరు వేసినట్టే, ఇంగ్లీషు పాటల పుస్తకాల్లో పాట అడుగున కాపీరైట్ వరుస ఉంటుంది. మీరు పాడే స్వరలిపి కాగితం అడుగున ఒకసారి చూడండి, వాదన అక్కడే తీరిపోతుంది.

ఆ వరుసను కూడా జాగ్రత్తగా చదవాలి సుమా. ‘ద బ్లడ్ విల్ నెవర్ లూజ్ ఇట్స్ పవర్’ పాటను క్రౌచ్ పద్నాలుగు పదిహేనేళ్ల వయసులో రాశారని చెబుతారు. అంటే 1956, 57 ప్రాంతం. పాట కింద మాత్రం 1966, మన్నా మ్యూజిక్ అని ఉంటుంది. రెండింటిలో ఒకటి అబద్ధం కానక్కర్లేదు. ఒకటి కుర్రవాడి చేతిలో పాట పుట్టిన కాలం, రెండోది ప్రచురణకర్త హక్కు నమోదు చేసిన కాలం. మీ పేజీలో ‘చిన్న వయసులోనే రాశారని చెబుతారు, కాపీరైట్ 1966’ అని రెండూ విడివిడిగా పెట్టండి. అమెరికా కాపీరైట్ కార్యాలయం 1978కి ముందు అచ్చేసిన జాబితాలు స్కాన్ అయి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి, ఓపిక ఉంటే అసలు నమోదే చూడవచ్చు.

చివరగా ఒక హెచ్చరిక. మూడు సైట్లు ఒకే మాట చెబితే మూడు సాక్ష్యాలు అనుకోకండి. వాక్యం వాక్యానికి, పదం పదానికి సరిపోతే అవి ఒకరిని చూసి ఒకరు రాసినవే. మీ సావనీరు కూడా రేపు ఎవరో ఒకరు చూసి రాసుకునే కాగితమే. అందుకే ఇంత చెప్పాను.

ప్రశ్న: మా తాతగారు హార్మోనియం వాయిస్తూ క్రైస్తవ గీతాలు పాడేవారు. 1946లో ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రంలో పాడారని ఇంట్లో చెప్పుకుంటాం. ఒక్క కాగితం లేదు. ఆయన గురించి రాయాలని ఉంది, ఎలా నిర్ధారించుకోవాలి? — ఒక పాఠకుడు, ముషీరాబాద్

జవాబు: బాబూ, 1946లో హైదరాబాద్‌లో ఉన్నది నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో. అది ఆలిండియా రేడియోలో కలిసింది 1950లో. అంటే మీ తాతగారు పాడింది దక్కన్ రేడియోలో అయ్యుండాలి, లేదా ఏడాది 1950 తర్వాతది అయ్యుండాలి. విజయవాడ అనుకుందామన్నా ఆ కేంద్రం మొదలైంది 1948 డిసెంబరులో. పెద్దలు తర్వాత అలవాటైన పేరుతో పాత సంగతి చెప్పడం సహజం, అంతమాత్రాన కథ కల్పితమని అనుకోవద్దు. ఆయన పాడినప్పటికి నానమ్మగారితో పెళ్లయిందా, మీ నాన్నగారు పుట్టారా అని ఇంట్లో పెద్దవారిని అడగండి. ఏడాదులు మరిచిపోయినవారికి కూడా ఈ వరుస గుర్తుంటుంది.

పెళ్లి తేదీ, బాప్తిస్మం తేదీ సంఘం రిజిస్టర్లలో ఉంటాయి. దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్‌ఐ చర్చి, ఏర్పడింది 1947 సెప్టెంబరులో. అంతకుముందు రిజిస్టర్లు ఆయా మిషన్ల పేర్లతో ఉంటాయి కాబట్టి, మీ తాతగారి సంఘం అప్పట్లో ఏ మిషన్ కింద ఉండేదో ముందు కనుక్కుని అయ్యగారిని అడగండి. ప్రసారం 1950 తర్వాతది అని తేలితే ఆలిండియా రేడియో తెలుగు కార్యక్రమాల పత్రిక ‘వాణి’ పాత సంచికలు వెతకాలి. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో పాత పత్రికల విభాగంలో అడగండి. వెళ్లేటప్పుడు తాతగారి పేరు ఎన్ని రకాలుగా రాసే వీలుందో, ఇంటిపేరు ముందు ఉన్నదీ లేనిదీ, ఉర్దూలో ఎలా రాస్తారో కూడా ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి.