మధ్య పదం విడగొట్టడం రాకపోతే ఫార్ములా బట్టీ పట్టించాలా?

పదో తరగతి చదివే మీ పాపకు వర్గ సమీకరణాల్లో మధ్య పదం విడగొట్టడం (ఎక్స్ ఉన్న పదాన్ని రెండు ముక్కలు చేసి కారణాంకాలు తీయడం) కుదరట్లేదని, ఎక్స్ విలువ నేరుగా ఇచ్చే ఫార్ములా ఒక్కటి బట్టీ పట్టిస్తే చాలా అని అడిగారు. చాలదండీ. ముందు వర్గం పూర్తి చేయడం నేర్పించండి. నేను కావలిలో పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్తాను. ఇది పట్టుబడ్డవాళ్ళకు ఫార్ములా మర్చిపోతామనే టెన్షన్ ఉండదు, మర్చిపోయినా మళ్ళీ రాబట్టుకుంటారు.

మా వైపు ఇళ్ళ స్థలాలు అంకణాల్లో కొంటారు కాబట్టి నేను ఈ లెక్కతో మొదలుపెడతాను. నెల్లూరు లెక్కలో అంకణం అంటే 72 చదరపు అడుగులు. 20 అంకణాల స్థలం, వెడల్పు కంటే పొడవు 4 అడుగులు ఎక్కువ. వెడల్పు ఎంత? దాన్ని ఎక్స్ అనుకుంటే ఎక్స్² + 4ఎక్స్ = 1440. 1440కి కారణాంకాల జతలు బోలెడు, వెతుకుతూ పిల్లలు విసిగిపోయేది ఇక్కడే. వెతకొద్దు. ఎక్స్ గుణకం 4లో సగం 2, దాని వర్గం 4. రెండు వైపులా 4 కలిపితే (ఎక్స్ + 2)² = 1444. అది 38 వర్గం. అంటే ఎక్స్ + 2 విలువ 38 గానీ, −38 గానీ. ఎక్స్ 36 లేదా −40. వెడల్పు ఋణాత్మకం కాదు కనుక −40ని వదిలేశామని ఒక వాక్యం తప్పకుండా రాయించండి. స్థలం 36 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు.

ఎక్స్² ముందు వేరే సంఖ్య ఉంటే భిన్నాలొచ్చి పిల్లలు బెదురుతారు. దీనికి మన ప్రాచీన గణితవేత్త శ్రీధరాచార్యుడి ఉపాయం ఉంది, నాకు చాలా ఇష్టం: ఆ సంఖ్యకు 4 రెట్లతో సమీకరణం మొత్తాన్నీ గుణించాలి. 3ఎక్స్² − 5ఎక్స్ + 2 = 0ని 12తో గుణిస్తే 36ఎక్స్² − 60ఎక్స్ + 24 = 0. 24ని అటు పంపి, 5 వర్గం 25ని రెండు వైపులా కలపండి. (6ఎక్స్ − 5)² = 25 − 24 = 1. అంటే 6ఎక్స్ − 5 విలువ 1 గానీ, −1 గానీ. మూలాలు, అంటే ఎక్స్ విలువలు, 1, 2/3. దారిలో ఎక్కడా భిన్నం తగల్లేదు.

కుడివైపు వచ్చిన ఆ 25 − 24నే పుస్తకంలో విచక్షణి అంటారు. వాస్తవ సంఖ్య దేని వర్గమూ ఋణాత్మకం కాదు, అందుకే విచక్షణి ఋణాత్మకమైతే వాస్తవ మూలాలు ఉండవు. 3, −5, 2 బదులు ఏ, బీ, సీ పెట్టి పాప చేతే ఇదంతా చేయిస్తే ఫార్ములా తనే రాబడుతుంది.

మధ్య పదం విడగొట్టడం ఆ తర్వాత. చిన్న సంఖ్యలకు అది త్వరగా అవుతుంది. కాకపోతే విచక్షణి పరిపూర్ణ వర్గమైతేనే పూర్ణ సంఖ్యలతో విడిపోతుంది, కాబట్టి ముందు అది కట్టి చూసుకున్నాకే జతలు వెతకమనండి.