రెండూ 1200 సీసీయే, మరి హార్స్‌పవర్‌లో అంత తేడా ఎందుకు?

మీ 2018 స్విఫ్ట్ పెట్రోల్‌కి 83, మీ బావగారి నెక్సాన్ టర్బోకి 120 హార్స్‌పవర్ ఎలా వచ్చాయని, వైజాగ్‌లో బాగానే లాగే మీ బండి అరకు ఘాట్‌లో ఎందుకు నీరసపడుతోందని అడిగారు. రెండింటికీ జవాబు గాలే.

సీసీ చెప్పేది సిలిండర్లలో ఎంత చోటుందో అంతే. నిమిషానికి ఎంత గాలి లోపలికెళ్లి పెట్రోల్‌ని కాల్చిందన్నదే పవర్‌ని తేలుస్తుంది. ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్‌లో ప్రతి సిలిండరూ రెండు చుట్లకోసారి గాలి పీలుస్తుంది. 1197 సీసీ ఇంజిన్ 6000 ఆర్‌పీఎం (నిమిషానికి 6000 చుట్లు) దగ్గర పూర్తిగా నిండితే నిమిషానికి దాదాపు 3,600 లీటర్లు, బరువులో 4 కిలోల పైచిలుకు గాలి. కిలో పెట్రోల్‌కి 14.7 కిలోల గాలి కావాలి కాబట్టి, కాలేది 280 గ్రాములే.

కానీ అంత వేగంలో పూర్తిగా నిండదు. మీ బండి టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) గరిష్ఠంగా 113 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు). టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 6000 దగ్గర 83 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్) అంటే 61 కిలోవాట్లు. వెనక్కి లెక్కేస్తే అక్కడ టార్క్ 97కి దిగిపోయింది. వాల్వు తెరిచి ఉండే కాస్త సమయంలో గాలి చాలినంత దూరలేదు. నెక్సాన్‌లో టర్బో గాలిని ఒత్తి పంపుతుంది కాబట్టి 170 ఎన్ఎం, 5500 దగ్గర 120 పీఎస్. స్విఫ్ట్ డీజిల్‌కి 190 ఎన్ఎం ఉన్నా, 4000 దగ్గరే గరిష్ఠానికి చేరిపోతుంది గనక 75 పీఎస్‌తో సరి.

అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి 8 శాతం దాకా పలచబడుతుంది, టర్బో లేని ఇంజిన్ పవరూ ఇంచుమించు అంతే తగ్గుతుంది. చల్లగా ఉంటే కొంత కలిసొస్తుంది. ఎస్.కోట దాటి ఘాట్ మొదలయ్యాక మూడో గేర్‌లో ఈడ్చకండి. రెండోది వేసి 3500 పైన తిప్పండి, నిటారు మలుపుల్లో ఏసీ ఆపండి.

బీచ్ రోడ్డు మీద కూడా పికప్ లేకపోతే ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి, తర్వాత కంప్రెషన్ టెస్ట్, అంటే ఒక్కో సిలిండర్ గాలిని ఎంత ఒత్తిడితో నొక్కుతోందో కొలవడం. ఇంజిన్ వేడెక్కాక ఫ్యూయల్ పంప్ ఫ్యూజు, కాయిల్ కనెక్టర్లు, ప్లగ్గులన్నీ తీయించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టించాలి. యాక్సిలరేటర్ తొక్కకపోతే గాలి అందక అన్ని సిలిండర్లూ తక్కువే చూపిస్తాయి, మెకానిక్కులు ఎక్కువగా మరిచేది ఇదే. ఒక సిలిండర్ మిగతావాటికన్నా 15 శాతం పైగా తక్కువుంటే అందులో చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. రీడింగ్ పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులో, హెడ్ గ్యాస్కెట్టో (సిలిండర్లకీ పైనున్న హెడ్‌కీ మధ్య సీలు). పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువుంటే గ్యాస్కెట్ మీదే ఎక్కువ అనుమానం.