లవంగ నూనె కొడితే ఆకులు మాడాయి, పేనుబంక పోలేదు

సందేహం: టమాటా తోటలో పేనుబంక కనిపిస్తే 10 లీటర్ల నీటికి 50 మి.లీ. లవంగ నూనె కలిపి మధ్యాహ్నం పిచికారీ చేశాను. మొదటి రెండు సాళ్లలో ఆకులు మాడిపోయాయి. మిగతా తోటలో పేనుబంక అలాగే ఉంది. మోతాదు పెంచాలా?

సలహా: పెంచకండి. నూనె నీళ్లలో కలవకపోవడం వల్లే ఇలా జరిగింది. లవంగ నూనె నీటికంటే బరువైనది, ట్యాంకు అడుగుకు దిగిపోతుంది. స్ప్రేయర్ కూడా అడుగు నుంచే పీల్చుకుంటుంది. అందుకే ముందు సాళ్లకు చిక్కటి నూనె పడింది, తర్వాత వాటికి దాదాపు ఉత్త నీళ్లే వెళ్లాయి. పైగా ఇందులోని యూజినాల్ అనే ఘాటు రసాయనం లేత ఆకును కాల్చేస్తుంది. గాఢత పెంచి కలుపును మాడ్చడానికీ దీన్ని వాడతారు.

10 లీటర్లకు 20 మి.లీ. నూనె చాలు. ముందుగా సీసాలో నూనె, 40 మి.లీ. పొటాషియం సబ్బు ద్రవం పోసి బాగా గిలకొట్టండి. గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ ఊపుతుంటే పల్చటి మజ్జిగలా తెల్లగా మారుతుంది. దాన్ని ట్యాంకులో పోసి కలపండి. ఒక గాజు గ్లాసులో కాస్త తీసి అరగంట ఉంచి చూడండి. పైన నూనె తెట్టు కట్టినా, అడుగున బొట్లు చేరినా కొట్టొద్దు. ఉప్పు నీళ్లలో, చవుడు నీళ్లలో సబ్బు విరిగిపోతుంది, మంచినీళ్లే వాడండి. బట్టల డిటర్జెంట్ పనికిరాదు.

ముందు నాలుగైదు మొక్కల మీద కొట్టి రెండు రోజులు ఆగండి. మచ్చలు రాకపోతే, ఎండ తగ్గి తేనెటీగలు వెళ్లిపోయాక సాయంత్రం తోటంతా కొట్టొచ్చు. ఈ నూనె పురుగు ఒంటికి తగిలితేనే పనిచేస్తుంది, పేనుబంక ఉండేదేమో ఆకు అడుగున. నాజిల్‌ను పైకి తిప్పి తడపాలి. నూనె త్వరగా ఆవిరైపోతుంది కనుక 5–7 రోజులకు మళ్లీ కొట్టాల్సి వస్తుంది. పేనుబంకను తినే అక్షింతల పురుగులు ఎక్కువగా ఉన్న మొక్కలను మాత్రం వదిలేయండి, తగిలితే అవీ చస్తాయి. గంధకం కొట్టి ఉంటే రెండు వారాల ఎడం ఇవ్వాలి.

కొనేటప్పుడు తెల్ల కాగితంపై ఒక చుక్క వేసి మర్నాడు చూడండి. జిడ్డు మరక మిగిలితే అందులో మామూలు నూనె కలిసిందని అనుమానించాలి. వేపనూనె అలాగే మరక వదులుతుంది, కానీ అది గింజ పిండిన నూనె, సుగంధ తైలం కాదు.

మాడిన సాళ్లలో మొక్క చిగురు పచ్చగా ఉంటే తేరుకుంటుంది. పది రోజులు వాటిపై ఏదీ కొట్టకండి.